మ్యూనిక్‌లో అమ్మాయి ఇంటికి వెళ్తున్నారా?

కూతురి పురిటికో, కొడుకు కాపురం చూసి రావడానికో జర్మనీ వెళ్ళే అమ్మలు ఈ రోజుల్లో ఎంతోమంది. ఆ దేశంలో దక్షిణాన, బవేరియా రాష్ట్రానికి రాజధాని మ్యూనిక్. అక్కడి పద్ధతులు నాలుగు తెలుసుకుని విమానమెక్కితే మీకూ హాయి, పిల్లలకూ హాయి. ఎందుకంటే మనం మహా అయితే మూడు నెలలుండి వచ్చేస్తాం. ఆ ఇరుగుపొరుగుతో ఏళ్ళ తరబడి బతకాల్సింది వాళ్ళు!

ముందు పెట్టె సంగతి. ఆవకాయ, కందిపొడి, చింతపండు నిక్షేపంగా తీసుకెళ్ళవచ్చు. నెయ్యి, పనీర్, చికెన్ పచ్చడి మాత్రం వద్దు. పాల పదార్థాలు, మాంసం బయటిదేశాల నుంచి తేవడం అక్కడ నిషేధం. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరవు. కొబ్బరికాయకు మాత్రం అడ్డులేదు. నెయ్యి లేకుండా పప్పన్నం ఎలాగని దిగులుపడకండి. 'బుట్టర్‌ష్మాల్జ్' అని అక్కడి కొట్లలో దొరికేది ఇంచుమించు మన నెయ్యే.

దిగిన మొదటి ఆదివారమే నేను తప్పుచేశాను. పొద్దున్నే లేచి, అమ్మాయి నిద్రలేచేసరికి దోసెలు వేద్దామని మిక్సీలో పచ్చడి తిప్పి, రోట్లో నాలుగు మిరియాలు దంచాను. పది నిమిషాల్లో కాలింగ్ బెల్! కింది వాటాలో ఉండే పెద్దావిడ గుమ్మంలో నిలబడి ఏదో చెప్పింది. నాకు అర్థమైంది 'జోంటాగ్' ఒక్కటే. అంటే ఆదివారం. అమ్మాయి మొహం చిన్నబోయింది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, ఆదివారమైతే రోజంతా, అక్కడ చప్పుడు చేయకూడదు. వాక్యూమ్ క్లీనర్, గోడకు మేకు కొట్టడం ఏదీ పనికిరాదు. ఖాళీ సీసాలను వీధి చివరి డబ్బాలో వేయడానిక్కూడా ఆ రోజు వీల్లేదు, గలగలమంటాయని! రుబ్బుడు పనులన్నీ శనివారం పగలే ముగించుకోండి. పాలు, కూరలు కూడా శనివారమే తెచ్చుకోవాలి. సాయంత్రం 8 దాటితే కొట్లు మూసేస్తారు, ఆదివారం అసలు తీయరు. మరీ అవసరమైతే పెద్ద రైల్వేస్టేషన్‌లో కొన్ని తెరిచి ఉంటాయి.

ఆ పెద్దావిడతో తర్వాత స్నేహం ఎలా కుదిరిందంటారా? మెట్లమీద కనబడినప్పుడల్లా నేనే ముందుగా 'గ్రూస్ గాట్' అనేదాన్ని. బవేరియాలో నమస్కారానికి బదులు అనే మాట అది. దేవుడి పేరు అందులోనే ఉంది. లిఫ్టులో, కొట్లో, డాక్టరు దగ్గర వెయిటింగ్ రూములో ఎక్కడైనా సరే, ముందు ఆ మాట అనడం మర్యాద. మౌనంగా నిలబడితే పొగరనుకుంటారు.

పోపు ఘాటుకు మంచు కాలంలోనైనా కిటికీలు బార్లా తెరిచి ఐదు పది నిమిషాలు గాలి ఆడనిచ్చి మూసేయాలి. వాళ్ళూ రోజుకు రెండుమూడుసార్లు అలాగే చేస్తారు, గోడలకు బూజు పట్టకుండా. చలికి భయపడి అస్తమానం మూసుకుని కూర్చుంటే ఇల్లు పాడవుతుంది.

రైల్వే ప్లాట్‌ఫారం మీదకి వెళ్ళడానికి గేట్లుండవు, అడిగేవారూ కనబడరు. అలాగని ధీమాగా ఎక్కేయకండి. పది గీతల టికెట్టు (స్ట్రైఫెన్‌కార్టె) కొంటే పెద్దవాళ్ళు నగరంలో మామూలు ప్రయాణానికి రెండు గీతల మేర మడిచి, నీలంరంగు పెట్టెలో ముద్ర కొట్టించుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్టు కొననట్టే లెక్క. మామూలు బట్టల్లో ఉన్న తనిఖీవాళ్ళు వస్తే 60 యూరోల జరిమానా. కాలిబాట పక్కనే ఉండే సైకిళ్ళ దారిలోనూ నడవకండి, చాలా వేగంగా వస్తారు.

నీళ్ళ సీసాలు, డబ్బాలు పారేయవద్దు సుమా! ప్లాస్టిక్ సీసాకు 25 సెంట్లు ముందే కట్టించుకుంటారు, కొట్లో మిషన్‌లో వేస్తే తిరిగి వస్తాయి. అసలు కొళాయి నీళ్ళే శుభ్రంగా తాగవచ్చు.

ఎండ కాసిన రోజున ఇంగ్లిష్ గార్డెన్ అనే పెద్ద పార్కులో కొన్నిచోట్ల ఒంటిమీద నూలుపోగు లేకుండా పడుకున్నవాళ్ళు కనబడతారు. కంగారుపడకుండా చూపు తిప్పుకుని నడవండి. అల్లుడుగారు పక్కనుంటే మాత్రం ఇబ్బందే!

ఆ పార్కులోనే చైనీస్ టవర్ దగ్గర పెద్ద బీర్ గార్డెన్ ఉంది. పేరు విని ముక్కు విరవకండి. పసిపిల్లలతో, ముసలివాళ్ళతో కుటుంబాలన్నీ వచ్చి చెస్ట్‌నట్ చెట్ల కింద కూర్చుంటాయి. 1812లో బవేరియా రాజు మాక్సిమిలియన్ బీరు కాచేవాళ్ళకు తమ నేలమాళిగల దగ్గర బీరు అమ్ముకోనిచ్చాడు గానీ భోజనం అమ్మనివ్వలేదు. దాంతో జనం తిండి ఇంటినుంచే తెచ్చుకున్నారు. ఆ అలవాటు నేటికీ సాగుతోంది. గుడ్డ పరచని బల్లల దగ్గర మన తిండి మనం తినవచ్చు, తాగేది మాత్రం అక్కడే కొనాలి. సోడా కలిపిన ఆపిల్ రసం, 'ఆప్‌ఫెల్‌షోర్లె', అడగండి. మేము పులిహోర, మజ్జిగ మిరపకాయలు పట్టుకెళ్ళాం. కింది వాటా ఆవిడ కూడా వచ్చింది. మిరపకాయ జోలికి పోలేదు గానీ, పులిహోర రెండోసారి అడిగి పెట్టించుకుంది.