గాలిలో సీసం: కరెంటు పోతే లెక్క తప్పొచ్చు

పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే కొలిమి ఊరి పక్కన ఉంటే పొగ కంటికి కనిపిస్తుంది గాని, అందులోని సీసం కనిపించదు. పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే లోహమది. అందుకే గాలిని కొలిచి లెక్క కడతారు.

బడి డాబా మీదనో, పంచాయతీ కార్యాలయం మీదనో ఒక యంత్రం పెడతారు. అది నిమిషానికి సుమారు 1.1 ఘనపు మీటర్ల గాలిని వడపోత కాగితం గుండా లాగుతుంది. దుమ్ము కాగితానికి అంటుకుంటుంది. 24 గంటలు ఆగకుండా తిరిగితే 1,584 ఘనపు మీటర్ల గాలి పీల్చినట్లు.

ప్రయోగశాలలో ఆ కాగితంలో దుమ్ము పట్టిన భాగం నుంచి తొమ్మిదో వంతు ముక్క కోసి ఆమ్లంలో మరిగిస్తారు. వడకట్టిన ద్రవాన్ని 50 మిల్లీలీటర్లకు సరిచేస్తారనుకుందాం. ఒక్కో మిల్లీలీటరులో 0.55 మైక్రోగ్రాముల సీసం తేలిందనుకుందాం. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు. వాడని కాగితాన్నీ ఇలాగే పరీక్షిస్తే 0.05 వచ్చింది. అది గాలిలోది కాదు కనుక తీసేయాలి. మిగిలింది 0.50. దాన్ని 50తో గుణిస్తే ముక్కలో 25, మళ్లీ 9తో గుణిస్తే మొత్తం కాగితంలో 225 మైక్రోగ్రాములు. 1,584తో భాగిస్తే ఘనపు మీటరుకు 0.14.

2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణాల ప్రకారం సీసం 24 గంటల సగటు 1.0, ఏడాది సగటు 0.5 మైక్రోగ్రాములు మించరాదు.

చిక్కంతా చివరి భాగహారంలోనే ఉంది. మధ్యలో 8 గంటలు కరెంటు పోతే యంత్రం పీల్చింది 1,056 ఘనపు మీటర్లే. అదే 225ను దానితో భాగిస్తే 0.21. కరెంటు పోయిన సంగతి మరచి 24 గంటల గాలితోనే భాగిస్తే ఉన్న సీసంలో మూడో వంతు కాగితం మీదే మాయమవుతుంది. పైగా అది 16 గంటల లెక్కే గాని రోజంతటి లెక్క కాదు. దుమ్ము పేరుకుని కాగితం మూసుకుపోయినా గాలి తగ్గుతుంది. అందుకే గాలి వేగాన్ని మొదట్లోనూ చివర్లోనూ చూసి సగటు కట్టాలి.

కనుక నివేదిక చేతికి వచ్చినప్పుడు గ్రామస్థులు మూడు సంగతులు అడగాలి. యంత్రం నిజంగా ఎన్ని గంటలు తిరిగింది? వాడని కాగితం విలువ తీసేశారా? ముక్కలో తేలినదాన్ని మొత్తం కాగితానికి లెక్క కట్టారా? యంత్రం తిరిగిన కాలాన్ని చూపే గడియారం దానిలోనే ఉంటుంది. యంత్రం పెట్టినప్పుడు, తీసినప్పుడు ఆ అంకె రాసుకుంటే మొదటి ప్రశ్నకు జవాబు ఊరివాళ్ల దగ్గరే ఉంటుంది.