ముద్ర లేని నగ దొంగ నగ కాదు

"హాల్‌మార్క్ లేని బంగారం ఇక చెల్లదంట." చిట్కుల్‌లో ఈ మాట ఇంటింటికీ తిరుగుతోంది. మా వాడకట్టు పెద్దమ్మ ఒకావిడ అది విని, అత్తగారిచ్చిన గుండ్ల పేరు కొంగున కట్టుకుని పటాన్‌చెరు పోయింది. "ముద్ర లేదమ్మా, మేం గనక తీసుకుంటున్నాం" అన్నాడట కొట్టాయన. ఎంత దయో! ఆయన చెప్పిన ధరకే ఇచ్చి వచ్చింది. ఆ గుండ్లు ఈపాటికి కరిగిపోయి ఉంటాయి.

అపోహ: ముద్ర లేని పాత నగను అమ్మకూడదు.

వాస్తవం: 2021 జూన్ 16న తప్పనిసరి హాల్‌మార్క్ మొదలైంది, నగలమ్మే వ్యాపారికి. 2023 ఏప్రిల్ 1 నుంచి అంకెలు, అక్షరాలు కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ గుర్తింపు సంఖ్య లేని నగ అమ్మకూడదన్నదీ అతన్నే. మీ పెట్టెలోని నగను ఉంచుకోవచ్చు, అమ్మొచ్చు, మార్చుకోవచ్చు. అసలు మన దేశంలో బంగారానికి భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్ర మొదలైందే 2000లో. 1950లో పెళ్లయిన నాయనమ్మ కమ్మలకు ఆ ముద్ర ఎక్కడి నుంచి వస్తుంది? ఉంటే, తర్వాత ఎవరో వేయించారన్నమాట. ముద్ర చెప్పేది స్వచ్ఛత, వయసు కాదు. 2016 దాకా వేసిన ముద్రల్లో ఏడాదిని తెలిపే ఇంగ్లీషు అక్షరం ఉండేది, 2000కి 'ఏ'. అదీ ముద్ర వేసిన ఏడాదే.

"మరి చేసినవాళ్ల పేరన్నా ఉండాలి కదా?" ఎందుకుండాలి? కచ్‌లో ఓమర్సీ మావ్‌జీ అనే వెండిపనివాడు తన సామాను మీద ఓ.ఎం. అని కొట్టాడు. అలాంటివాళ్లు కొద్దిమందే. ఊరి అవుసలాయన ఎవరికని పేరు చెక్కాలి? నగ పెట్టుకునే ఇంటికి ఆయన ఎదురుగానే కొలిమి ముందు కూర్చునేవాడు.

వయసు తెలియాలంటే నగను తిరగేయండి. కమ్మల శీలలు విప్పి, ఒకదానిది రెండోదానికి పెట్టి చూడండి. చేత్తో తీసిన మర అయితే చాలాసార్లు ఎక్కదు. మిషన్ మర అయితే సాధారణంగా ఎక్కుతుంది. కెంపును భూతద్దంలో చూడండి. లోపల వంపు తిరిగిన గీతలు, గాలి బుడగలు కనిపిస్తే అది కొలిమిలో పుట్టిన కెంపు. ఆ పద్ధతిని ఫ్రాన్స్‌లో వెర్నూయ్ బయటపెట్టిందే 1902లో. రాయి మధ్యలో మార్చకపోతే నగ అంతకన్నా పాతదయ్యే అవకాశం తక్కువ.

దండలో నిజాం నాణెం హాలీ సిక్కా ఉంటే, దాని మీది చార్మినార్ బొమ్మ ద్వారంలోని ఉర్దూ అక్షరం చూడండి: 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్, 'ఐన్' అయితే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్. దాని మీద 1343 అని చదివించుకుని "కాకతీయుల నాటిది" అని మురిసిపోయినవాళ్లున్నారు. అది హిజ్రీ లెక్క, అంటే 1924-25. కాకతీయ రాజ్యం పడిపోయిందే 1323లో! పైగా నాణెం పాతదైనా దండ నిన్నటిది కావచ్చు.

అపోహ: పాత బంగారంలో కల్తీ ఎక్కువ.

వాస్తవం: ఇక్కడ కొట్టాయనతో కొంత ఒప్పుకోక తప్పదు. పాత నగల్లో అతుకుల టంకం, గుండ్లలో లక్క ఉంటాయి. 1963 జనవరిలో వచ్చిన బంగారం నియంత్రణ నిబంధనలైతే కొన్నేళ్లపాటు 14 క్యారెట్లు దాటి కొత్త నగ చేయొద్దన్నాయి. తరుగు ఉండొచ్చు. ఎంతన్నది కొలవాలి, ఊహించకూడదు.

మిగతావి ఒక్కో మాటలో. కేడీఎం అంటే కాడ్మియం అతుకు, స్వచ్ఛతకు గుర్తు కాదు. పంటితో గీకితే సాగు ముత్యమూ గరగరలాడుతుంది, కాబట్టి అది సహజ ముత్యమనడానికి రుజువు కాదు. నాయనమ్మ చెప్పిన 3 తులాలంటే దాదాపు 35 గ్రాములు. బజారు లెక్కన 30 కాదు.

అమ్మాల్సి వస్తే ముందు గ్రాముల్లో తూయించండి. ముందూ వెనకా ఫొటోలు తీయండి. బీఐఎస్ గుర్తింపున్న పరీక్షా కేంద్రానికి వెళ్లండి; నాలుగు నగల దాకా రుసుం 200 రూపాయలని బీఐఎస్సే చెబుతోంది. ఎక్స్‌రే మిషన్ పైపొరనే చూస్తుందని మరవకండి, లక్క బరువు విడిగా లెక్క కట్టమనండి. అంతకన్నా ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి: ఎవరి పెళ్లికి, ఏ అవుసలాయన చేసిండు? చెప్పింది కాగితం మీద రాసి నగతోపాటే పెట్టెలో దాచండి. ఏ ముద్రలోనూ దొరకని వివరం అది.