గౌతమి గట్టున గాలం: పండుగప్పను పట్టడం, మిగల్చడం

యానాం పట్టణాన్ని ఆనుకొని సాగే గౌతమీ గోదావరిలో మంచినీరు, ఉప్పునీరు ఏడాది పొడవునా ఒకదానినొకటి నెట్టుకుంటూ ఉంటాయి. ధవళేశ్వరం ఆనకట్ట నుండి దిగువకు వదిలే నీరు తగ్గిపోయిన వేసవిలో సముద్రపు ఉప్పు ఎగువకు ప్రాకుతుంది. వానకాలంలో ఎర్రనీరు దిగివచ్చి ఆ ఉప్పును మొగ వైపు తోసివేస్తుంది. ఊరి చెంతనే గౌతమి నుండి విడివడిన కోరంగి పాయ మడ అడవుల మీదుగా సాగుతుంది. ఉప్పు మారే నీరు, దాగేందుకు వేళ్లు, తినేందుకు రొయ్యలు ఉన్న ఇటువంటి చోటు పండుగప్పకు పుట్టినిల్లు వంటిది.

ఈ నీరు అందరిదీ. పడవల మీద వల వేసి జీవించేవారు, మోకాటి లోతున నిలిచి విసురు వల విసిరేవారు, సాయంత్రం గట్టున కూర్చుని గాలం వేసేవారు అందరూ ఈ నదినే నమ్ముకున్నారు. పదిమంది చేయి పడిన నీటిలో చేప అరుదవుతుంది, మిగిలిన చేప జాగరూకమవుతుంది. అట్టి నీటిలో గట్టు మీదనుండి పండుగప్పను పట్టే పద్ధతి, పట్టిన దానిలో ఏది ఉంచుకోవాలి, ఏది విడిచిపెట్టాలి అనే వివేచన ఈ వ్యాసంలోని విషయం.

పేర్లు, జీవితక్రమం

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని నాలుగు ఖండాలలోనూ ఈ చేప పరిచితమే. యానాంలో పండుగప్ప, పుదుచ్చేరి, కారైకాల్‌లలో కొడువా, మాహేలో కాళాంజి. ఒడియావారికి భేక్టి, మరాఠీవారికి జితాడా. ఆస్ట్రేలియాలో బర్రముండి అంటారు. ఆంగ్లంలో ఏషియన్ సీ బాస్ అనే పేరున్నా, అమెరికా సరస్సులలో దొరికే లార్జ్‌మౌత్ బాస్‌తో దీనికి దగ్గరి చుట్టరికం లేదు. ఆ రెండు చేపల కుటుంబాలు వేరు. పొంచి ఉండి వేటాడే స్వభావం మాత్రం రెండింటికీ ఒకటే.

పండుగప్ప గుడ్లు పెట్టేది ఉప్పు నిండిన మొగల దగ్గర. అమావాస్య, పౌర్ణమి రోజుల పోటు ఆ గుడ్లను, పిల్లలను లోపలి పాయలలోకి మోసుకొస్తుంది. పిల్లలు మడ అడవుల కాలువలలో, మంచినీటిలో పెరిగి, ఈడు వచ్చాక తిరిగి ఉప్పునీటికి చేరుతాయి. 20 సెంటీమీటర్లు దాటిన తరువాత ఇది పూర్తిగా మాంసాహారి. రొయ్యలు, చిన్న పీతలు, చిన్న చేపలు దీని ఆహారం.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మరొకటి. పండుగప్పలలో దాదాపు అన్నీ ముందు మగవిగా ఈడేరి, కొన్నేళ్ల తరువాత ఆడవిగా మారుతాయి. ఒకటిన్నర నుండి రెండున్నర కిలోల బరువున్నవాటిలో అధికభాగం మగవి. నాలుగు నుండి ఆరు కిలోలకు చేరేసరికి అధికభాగం ఆడవి. కాబట్టి గట్టు మీద అందరూ చుట్టూ చేరి మెచ్చుకునే పెద్ద చేప చాలావరకు తల్లి చేపే. అది ఒక్క ఋతువులో పెట్టే గుడ్లు పదుల లక్షలలో ఉంటాయి. పెద్దవాటిని వరుసగా తీసివేస్తే గుడ్లు పెట్టేవి మిగలవు. చిన్నవాటిని తీసివేస్తే తల్లులయ్యేవి మిగలవు.

గాలం ఎరిగిన చేప

వేట ఎక్కువైన నీటిలో చేపలు దొరకకపోవడానికి సంఖ్య తగ్గడం ఒక్కటే కారణం కాదు. ముందూ వెనుకా చూడక ఎరపై పడేవి మొదట పట్టుబడతాయి, అనుమానించి ఆగేవి మిగులుతాయి. అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో రిడ్జ్ సరస్సు బాస్ చేపలతో 1970లలో ఆరంభమైన దీర్ఘకాలపు ప్రయోగం ఈ విషయాన్ని నిరూపించింది. తరచుగా గాలానికి చిక్కినవాటిని, చిక్కనివాటిని వేరువేరుగా మూడు తరాల పాటు పెంచి చూడగా, గాలానికి చిక్కే గుణం కొంతవరకు తల్లిదండ్రుల నుండి పిల్లలకు సంక్రమిస్తుందని తేలింది. ఆ చేప వేరు, ఆ నీరు వేరు. అయినా నేర్వదగిన పాఠం ఉంది: అందరూ వేసే చోట, అందరూ వేసే వేళ, అందరూ వేసే ఎరనే వేసేవారికి మిగిలేది అనుమానపు చేపే.

వేళ, చోటు

గౌతమిలో వేటకు గడియారం కంటే పోటుపాట్లే ప్రమాణం. రోజుకు రెండుమార్లు పోటు, రెండుమార్లు పాటు వస్తాయి. ఈనాటి పోటు వేళకు సుమారు 50 నిమిషాలు కలిపితే రేపటి పోటు వేళ తెలుస్తుంది. అమావాస్య, పౌర్ణమి దాపున నీటి కదలిక బలంగాను, అష్టమి దాపున మందంగాను ఉంటుంది. గోడ మీది పంచాంగంలో తిథి చూసుకుంటే నీటి జోరు ఇంట కూర్చునే అంచనా వేయవచ్చు.

పండుగప్ప నడి ప్రవాహంలో ఈదుతూ శక్తిని వ్యర్థం చేసుకోదు. వంతెన స్తంభాల వెనుక, గట్టు రాళ్ల సందులలో, మడచెట్ల వేళ్ల పక్కన నీరు మెల్లగా సుడి తిరిగే చోట నిలుస్తుంది. పాటు మొదలై పిల్లకాలువల నుండి నీరు నదిలోకి దిగేటప్పుడు రొయ్యలు, చిన్న చేపలు ఆ నీటితోపాటే బయటకు రాక తప్పదు. ఆ కాలువ నోటి దగ్గర పండుగప్ప వాటికోసం కాచి ఉంటుంది. పాటు మొదలైన తొలి గంటలలో అటువంటి మూలను వెదకడం, ఎక్కడ పడితే అక్కడ దూరంగా విసరడం కంటే ఫలవంతం.

మసక వెలుతురు ఈ చేపకు అనుకూలం. తెల్లవారుజామున, పొద్దు క్రుంకిన తరువాత గట్టుకు చేరువగా వస్తుంది. నీటి పైన తిరిగే ఎరను నోటితో గుంజుకొనేటప్పుడు పుట్టే చప్పుడు గట్టు వరకు వినిపిస్తుంది. నీటిలోని అదురును చేప ఒంటి పక్క గీతతో గ్రహిస్తుంది గనుక, గట్టున బరువుగా అడుగులు వేయడం, నీటి మీద దీపం త్రిప్పడం వచ్చిన చేపను తరిమివేస్తాయి. ఎరను మొదట దూరానికి కాక, కాళ్ల చెంతనున్న అంచున వేసి చూడడం అనుభవజ్ఞుల పద్ధతి.

తంగూసు, గాలం, ఎర

జాగరూకమైన చేపకు సన్నని తంగూసు కనిపించదని, అదే మేలని అనిపించవచ్చు. పండుగప్ప విషయంలో అది చెల్లదు. దీని మొప్పల కప్పు అంచు కత్తివలె పదునైనది. సన్నని దారం తెగిపోయి చేప గాలాన్ని నోట ఉంచుకొనే వెళ్లిపోతుంది. గాలానికి పైన ఒక బార పొడవున దళసరి తంగూసు ముడి వేసుకోవడం అవసరం. చేప అనుమానాన్ని పోగొట్టవలసింది దారపు సన్నదనంతో కాదు, బ్రతికి ఉన్న ఎరతో, నిశ్శబ్దంతో.

తోక దాపున గుచ్చిన బ్రతికిన రొయ్య గాని, వీపున గుచ్చిన చిన్న చేప గాని మేలైన ఎర. సీసపు గుండు ఎరను అడుగుకు అదిమిపెట్టేంత బరువు ఉండక, నీటితోపాటు మెల్లగా కదలనిచ్చేంత తేలికగా ఉండాలి. మొన లోపలికి వంగిన గుండ్రని గాలం వాడితే, చేప ఎర మింగి మరలినప్పుడు అది గొంతులో కాక పెదవి మూలలో తగులుతుంది. అట్టి గాలానికి కర్రను గుంజకుండా దారం బిగువు కానివ్వాలి. గాలపు ముల్లును పట్టకారుతో అదిమి నున్నగా చేస్తే వదలవలసిన చేపను సులువుగా వదలవచ్చు.

వేడి నీటిలో వదిలే చేప

వదిలిన చేపలన్నీ బ్రతుకుతాయని అనుకోరాదు. 20 డిగ్రీల మంచినీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకోగలిగితే, 30 డిగ్రీల నీరు సుమారు ఏడున్నర మిల్లీగ్రాములే ఇముడ్చుకోగలదు. ఉప్పు కలిసిన కొద్దీ అది ఇంకా తగ్గుతుంది. వేసవి మధ్యాహ్నం చాలాసేపు పెనుగులాడి అలసిన చేపకు ఊపిరి తిరిగే అవకాశం స్వల్పం. అందుచేత దృఢమైన దారంతో త్వరగా ఒడ్డుకు తేవడం దయ గల పని. ఎండ తీవ్రంగా ఉన్న వేళ వదిలే ఉద్దేశంతో పట్టడం కంటే, తెల్లవారుజాము వరకు ఆగడం మేలు.

చేపను తాకే ముందు చేతులు తడుపుకోవాలి. పొడి చేయి, వేడెక్కిన సిమెంటు మెట్లు దాని ఒంటి జిగురు పొరను ఊడదీస్తాయి. మొప్పలలో వేలు పెట్టరాదు, అది చేపకూ, మనిషి చేతికీ ప్రమాదం. పెద్ద చేపను పెదవి పట్టి వ్రేలాడదీస్తే దవడ దెబ్బతింటుంది, పొట్ట క్రింద రెండవ చేయి ఆనించాలి. గాలం గొంతులో దిగితే లాగరాదు. దారాన్ని నోటి దగ్గర కత్తిరించి వదిలితే బ్రతికే అవకాశం ఎక్కువ. వదిలేటప్పుడు విసిరివేయక, నీటిలో నిటారుగా పట్టి, అది తనంత తానుగా తోక ఆడించే వరకు ఆగాలి.

ఇంటికి తీసుకువెళ్లదలచినవారు నడిమి బరువు చేపను, అవసరమైన మేరకు ఉంచుకోవడం ఉచితం. కిలో లోపుది ఇంకా పిల్ల. ఆరేడు కిలోలు దాటినది తల్లి. ఈ రెండూ నదికే చెందవలసినవి.

గట్టు మీది పొరుగువారు

గట్టున గాలం వేసేవారిలో అనేకులకు అది కాలక్షేపం, వల వేసేవారికి బ్రతుకుతెరువు. కట్టి ఉన్న వల మీదుగా గాలం విసరడం, పడవలు చేరే రేవు మెట్లను ఆక్రమించడం కలహానికి దారితీస్తాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు సముద్రంలో యంత్రపు పడవల వేట ఆగుతుంది. ఆ నిషేధం గట్టు గాలానికి ఉద్దేశించినది కాకపోయినా, సాటివారు చేపల కోసం పస్తులకు ఓర్చే ఆ రోజులలో పెద్ద చేపను విడిచిపెట్టడం గట్టువారి ధర్మం. నీటిలో మందు కలపడం, తోటాలు పేల్చడం మాత్రం ఎవరికీ, ఏనాడూ తగదు. 1897 నాటి భారత మత్స్య చట్టమే వాటిని నేరంగా పేర్కొన్నది.

తెగిన తంగూసును గట్టున వదిలితే ఏళ్ల తరబడి మట్టిలో కలియదు. కొంగల కాళ్లకు, నీటికాకుల రెక్కలకు, 1978లో అభయారణ్యంగా ప్రకటితమైన కోరంగి మడలలోని నీటికుక్కలకు అది ఉచ్చు. చుట్ట చుట్టి ఇంటికి తీసుకువెళ్లి, ముక్కలుగా కత్తిరించి చెత్తబుట్టలో వేయాలి. పాటు వేళ బురదలో దిగినవారు పోటు తిరిగేలోగా గట్టెక్కాలి. ఉరుము వినబడగానే కర్ర క్రింద పెట్టి గట్టు విడవాలి. నేటి కార్బన్ కర్రలు విద్యుత్తును ప్రసరింపజేస్తాయి, విద్యుత్తు తీగల క్రింద కూడా అవి అపాయకరం.

ఈనాడు గౌతమి గట్టున వదిలిన కిలో చేప కొన్నేళ్లకు మొగ దగ్గర గుడ్లు పెట్టే తల్లి కావచ్చు. దాని పిల్లలను పోటు మరల ఈ పాయలలోకే మోసుకొస్తుంది. వాటిలో ఏది ఎవరి గాలానికి చిక్కుతుందో చెప్పలేరు. పొరుగువాని పిల్లవాని గాలానికే కావచ్చు.