కురియు కప్పు – కప్పిన బరకము

పెంకుటింట కాపురమున్నవారికి తొలకరి జల్లుతోపాటు ఒక చింతయు వచ్చును. వేసవిలో ఏ కోతియో రెండు పెంకులు కదల్చి పోయియుండును. వాన నడుమ పెంకులు నేయువాడు దొరకడు. దొరికినను తడిసిన కప్పు ఎక్కడు. అంతవరకు బరకము కప్పి కాలము గడుపవలెను.

గత శ్రావణమున మా యింట పుస్తకముల బీరువాపై నీరు పడజొచ్చినది. బొట్టు పడుచున్న చోటికి సరిగా పైని బరకము పరపించితిని. ఫలితము లేకపోయెను, ఆ రాత్రి రెండు నిఘంటువులు తడిసినవి. తరగతిలో తలతన్యత పాఠము చెప్పు నేనే దానిని మరచితిని! పెంకుల సందున దిగిన నీరు వెంటనే క్రింద పడదు. నీటి అణువులు కొయ్యకు అంటుకొనును, తమలో తామును పట్టుకొని యుండును. అందుచే నీరు వాసము అడుగు వెంబడి పల్లమునకు జారి, ఏ మేకో ముడియో అడ్డు వచ్చిన చోట బొట్టుగా బరువెక్కి రాలును. కనుక చిల్లు సాధారణముగా బొట్టుకన్న ఎగువనే ఉండును. మా యింట అది రెండు మూరల ఎగువను, కొప్పు చెంతనే కనబడినది.

బరకము పై అంచు కొప్పు దాటి ఆవలి వాలున దిగవలెననుట ఇందుకే. ఈవలనే ఆగినచో ఎగువనుండి పారు నీరు దాని అడుగున దూరును.

పూర్వము బరకమనగా తారు గాని మైనము గాని పట్టించిన మందపు గుడ్డ. గుడ్డకు రంధ్రములుండగా నీరేల దిగదు? మైనమును నీరు తడుపదు. ప్రతి రంధ్రమువద్దను నీటి ఉపరితలము బిగించిన పొరవలె నిలిచి పైనీటిని మోయును. రంధ్రపు వ్యాసము మిల్లీమీటరులో పదవ వంతైనచో, సుమారు 8 సెంటీమీటర్ల లోతు నీటిని అది ఆపగలదు. అడుగునుండి వ్రేలితో రుద్దినచో పొర చెదరి కారుట ఆరంభించును. గుడారములలో పడుకొన్న ఎన్.సి.సి. విద్యార్థులకిది అనుభవమే. నేటి పాలిథీన్ బరకమునకు ఈ బాధ లేదు.

అసలు చిక్కు గాలితోనే. నాలుగు మూలల నాలుగు ఇటుకలు పెట్టి దిగివచ్చుట మనమందరము చేయు పని. గాలి కప్పుమీదుగా వేగముగా సాగునపుడు అచట పీడనము తగ్గును. అడుగుననున్న గాలి బరకమును పైకెత్తును. గంటకు 60 కిలోమీటర్ల గాలిని తీసికొనుడు. గాలి సాంద్రత ఘనమీటరుకు 1.2 కిలోలు. అందులో సగమును వేగ వర్గముచే గుణించినచో చదరపు మీటరుకు 167 న్యూటన్లు, అనగా సుమారు 17 కిలోల బరువు వచ్చును. తరగతిలో చేయించదగిన లెక్క ఇది. 4 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు గల బరకమును ఎత్తు బలము 400 కిలోలు దాటవచ్చును! నాలుగిటుకలు 15 కిలోలైనను తూగవు. పైగా అవి క్రిందనున్నవారి నెత్తిన పడును.

వేగము మూడు రెట్లైన బలము తొమ్మిది రెట్లగును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినపుడు గాలివేగము ఇంచుమించు అంతటిదే. కావున బరకము తుపాను వెలిసిన తరువాత కప్పదగినదే గాని ముందు కాదు.

రెండవమారు, పెంకులు ఆరిన పిదప, నిచ్చెన మీదినుండియే పని జరిపించితిని. అంచులను వెదురు గడలకు చుట్టి, గడలను వాసములకు త్రాళ్లతో కట్టించితిని. ఇట్లు చేసినచో లాగుడు ఒక్క కంతమీద పడక అంచు పొడవునను పంచుకొనబడును. ఆ బరకము దసరావరకు నిలిచినది. పిమ్మట పెంకులు నేయించితిమి. కప్పుమీదనే మరచిన ఒక ముక్క మాత్రము వేసవి గడచునప్పటికి చేయి తగిలిన చాలు, పొరలుగా రాలినది. ఎండలోని అతినీలలోహిత కిరణములు పాలిథీన్ అణుశృంఖలములను త్రుంచివేయును.