తాతగారి కాల్టెక్స్, అమ్మాయి షెవ్రాన్

మార్చి నెలలో ఒక రాత్రి పడుకోబోతుంటే మా అమ్మాయి ఫోన్ చేసింది. కెమికల్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. "అమ్మా, ఇంటర్న్‌షిప్ వచ్చింది. షెవ్రాన్‌లో, హ్యూస్టన్‌లో" అంది. నేను మావారిని లేపేలోపే, "కానీ వెళ్ళాలో వద్దో తెలీడం లేదు" అంది.

కబురు చెప్పగానే దాని రూమ్మేట్ ముఖం అదోలా పెట్టిందట. "ఈక్వడార్ గురించి చదివావా? రిచ్‌మండ్ గురించి?" అని అడిగిందట. మా అమ్మాయి చదవలేదు. నిజం చెప్పాలంటే నేనూ చదవలేదు. మేముండేది శాన్ రమోన్‌లో. ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం ఏళ్ళ తరబడి మా ఊళ్ళోనే ఉండేది. 2024 ఆగస్టులో దాన్ని హ్యూస్టన్‌కి తరలిస్తామని ప్రకటించినప్పుడు, మా వీధిలో ఎవరి ఇళ్ళు అమ్మకానికి వస్తాయోనని మాట్లాడుకున్నామే తప్ప, అసలు ఆ కంపెనీ కథేమిటని ఎవరమూ అనుకోలేదు.

మర్నాడు విశాఖపట్నంలో ఉన్న నాన్నగారికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆయన నవ్వారు. "షెవ్రాన్ అంటే ఎవరనుకున్నావమ్మా? మీ తాతగారి కాల్టెక్సే కదా!"

మల్కాపురంలో నక్షత్రం గుర్తు

మా తాతగారు కాల్టెక్స్‌లో పైప్ ఫిట్టర్. 1957లో విశాఖలో రిఫైనరీ మొదలైనప్పుడు చేరారు. అప్పట్లో దాని సామర్థ్యం ఏడాదికి ఏడు లక్షల టన్నుల లోపే. ఆ జీతంతోనే ముగ్గురు మేనత్తల పెళ్ళిళ్ళయ్యాయి, నాన్నగారు బి.కామ్. చదివి బ్యాంకులో చేరారు. తాతగారు పోయాక కూడా మా ఇంట్లో నక్షత్రం గుర్తున్న ఒక రేకు డబ్బా బియ్యం కొలవడానికి ఉండేది. ఆ రిఫైనరీని 1970ల్లో భారత ప్రభుత్వం తీసుకుంది. 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిపేశారు. అయినా మా ఇంట్లో దాని పేరు కాల్టెక్సే.

కాల్టెక్స్ అనే పేరులోనే ఇద్దరున్నారు: కాలిఫోర్నియా, టెక్సాస్. 1936లో స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా, టెక్సాస్‌కి చెందిన టెక్సకో కలిసి పెట్టుకున్న కంపెనీ అది. 2001లో ఆ ఇద్దరు యజమానులూ ఒక్కటయ్యారు. 2005 నుంచి ఆ ఉమ్మడి సంస్థ పేరు షెవ్రాన్. అంటే మా అమ్మాయికి వచ్చిన ఉత్తరం దాని ముత్తాత యజమానుల దగ్గర్నుంచే వచ్చిందన్నమాట.

ఇది తెలిశాక ఊరుకోలేకపోయాను. ఆఫీసు పని అయ్యాక రోజూ రెండు గంటలు చదవడం మొదలుపెట్టాను. మన పిల్లల్లో చాలామంది ఇలాంటి ఉద్యోగాల్లోకే వెళ్తున్నారు కాబట్టి తెలుసుకున్నది ఇక్కడ పంచుకుంటున్నాను.

కొండలోయలో మొదలై

ఈ కథ లాస్ ఏంజెలెస్‌కి ఉత్తరాన పీకో కాన్యన్ అనే లోయలో మొదలవుతుంది. 1876లో అక్కడ నాలుగో నంబరు బావిలో చమురు పడింది. 1879లో పసిఫిక్ కోస్ట్ ఆయిల్ కంపెనీ ఏర్పడింది. 1900లో దాన్ని రాక్‌ఫెల్లర్ గారి స్టాండర్డ్ ఆయిల్ కొనేసింది. రైల్వేలతో రహస్యంగా రాయితీలు మాట్లాడుకుని చిన్న వ్యాపారులను నలిపేసిన సంస్థ అది. ఆ సంగతులన్నీ ఐడా టార్బెల్ అనే పత్రికా రచయిత్రి తవ్వి తీసి, 1904లో పుస్తకంగా వేసింది. ఆమె తండ్రి కూడా పెన్సిల్వేనియాలో ఒక చిన్న చమురు వ్యాపారి. 1911లో సుప్రీంకోర్టు స్టాండర్డ్‌ను 34 కంపెనీలుగా విడగొట్టింది. అందులో కాలిఫోర్నియా ముక్క మన కథలోది.

ఆ ముక్క చేసిన అతిపెద్ద పని 1933లో జరిగింది. సౌదీ రాజుతో చమురు ఒప్పందం కుదుర్చుకుంది. బావి మీద బావి తవ్వినా సరైన ఫలితం రాలేదు. చివరికి 1938 మార్చిలో దమ్మామ్ ఏడో నంబరు బావి పొంగింది. అక్కడి కంపెనీయే తర్వాత ఆరామ్‌కో అయింది. 1980 నాటికి సౌదీ ప్రభుత్వం దాన్ని పూర్తిగా సొంతం చేసుకుంది. దహ్రాన్‌లో, జుబైల్‌లో ఉంటూ ఈ పత్రిక చదివేవారి జీతాల వెనక కూడా ఆ ఏడో బావి ఉంది. 1984లో గల్ఫ్ ఆయిల్‌ను కొన్నప్పుడు అమెరికా చరిత్రలో అంత పెద్ద విలీనం అప్పటికి మరొకటి లేదు.

ఇంతవరకూ చదివి మా అమ్మాయికి చెబితే, "ఇదంతా బిజినెస్ స్కూల్ పాఠం అమ్మా, నేనడిగింది వేరు" అంది. నిజమే.

ఈక్వడార్ గుంతలు

టెక్సకో 1964లో ఈక్వడార్ అడవుల్లోకి వెళ్ళింది. 1990 వరకూ అక్కడి చమురు క్షేత్రాలను నడిపింది. 1992లో ఒప్పందం ముగిసి బయటికి వచ్చింది. చమురుతో పాటు పైకి వచ్చే కలుషితమైన ఉప్పునీటిని మళ్ళీ భూమిలోకి పంపకుండా వాగుల్లోకి వదిలారు. వ్యర్థాల కోసం లోపల ఏ పూతా లేని మట్టి గుంతలు తవ్వారు. ఆ వాగుల్లోనే జనం నీళ్ళు పట్టుకునేవారు, స్నానాలు చేసేవారు.

1993లో అక్కడి జనం న్యూయార్క్‌లో దావా వేశారు. ఆ కేసు ఈక్వడార్‌లో నడవాలని కంపెనీ వాదించి నెగ్గింది. తీరా 2011లో ఈక్వడార్ కోర్టు కంపెనీకి వ్యతిరేకంగానే తీర్పు ఇచ్చింది. పై కోర్టులో అది చివరికి 950 కోట్ల డాలర్ల దగ్గర నిలిచింది. కంపెనీ వాదన ఏమిటంటే, తన వాటా శుభ్రం చేయడానికి నాలుగు కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది, 1998లో ఈక్వడార్ ప్రభుత్వం ఆ మేరకు విడుదల పత్రం ఇచ్చింది, మిగిలిన బాధ్యత అక్కడి ప్రభుత్వ చమురు సంస్థది. ఇక 2014లో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి, బాధితుల న్యాయవాది లంచం, మోసంతో ఆ తీర్పు సంపాదించాడని తేల్చారు. 2018లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ కూడా కంపెనీ వైపే మొగ్గింది.

ఇది చదివాక రెండు రోజులు నాకు ఏ పక్షమూ తోచలేదు. న్యాయవాది తప్పు చేశాడని కోర్టు చెప్పింది, సరే. కానీ ఆ గుంతలు తవ్వింది న్యాయవాది కాదు. కేసు గెలిచినంత మాత్రాన వాగులో నీళ్ళు తాగడానికి పనికి రావు.

ఒక పైపు కథ

రిచ్‌మండ్ మాకు దగ్గరే. 1902 నుంచీ అక్కడ ఈ కంపెనీ రిఫైనరీ ఉంది. 2012 ఆగస్టు 6 సాయంత్రం ఎనిమిది అంగుళాల పైపు ఒకటి పగిలి మంట లేచింది. ఆవిరి మేఘంలో చిక్కుకున్న పంతొమ్మిది మంది కార్మికులు తప్పించుకుని బయటపడ్డారు. పొగ ఊరి మీద కమ్మింది. తర్వాత రోజుల్లో దాదాపు 15,000 మంది వైద్యం కోసం ఆసుపత్రులకు వెళ్ళారు.

పగిలింది ఏదో కనిపించని లోపం వల్ల కాదు. చమురులోని గంధకం వేడికి పైపును లోపలి నుంచి తినేస్తుంది. ఆ సంగతి కంపెనీ నిపుణులకు తెలుసు. ఆ పైపులు మొత్తం తనిఖీ చేయాలని, మార్చాలని అంతకు ముందే పలుమార్లు సిఫారసు చేశారు. ఆ సిఫారసులు సరిగ్గా అమలు కాలేదని ఫెడరల్ దర్యాప్తు తేల్చింది. ఆరోజు కూడా పైపు కారుతోందని తెలిశాక యూనిట్ ఆపకుండా, నడుస్తుండగానే బాగుచేయబోయారు. ఆరు క్రిమినల్ అభియోగాలను కంపెనీ కోర్టులో ఎదిరించలేదు. జరిమానా, పరిహారం కింద ఇరవై లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 2014 నగర ఎన్నికల్లో తనకు అనుకూలమైన అభ్యర్థుల కోసం దాదాపు ముప్పై లక్షలు ఖర్చుపెట్టింది. వాళ్ళంతా ఓడిపోయారు. 2024లో రిఫైనరీ మీద కొత్త పన్ను కోసం ఊరు ఓటింగ్‌కి సిద్ధపడితే, దానికి బదులు పదేళ్ళలో 55 కోట్ల డాలర్లు ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకుంది.

అమెరికా కంపెనీ కాబట్టి ఇలా, ప్రభుత్వానిదైతే భద్రం అనుకోవడానికీ లేదు. విశాఖ రిఫైనరీలో 1997 సెప్టెంబరు 14న గ్యాస్ అంటుకుని దాదాపు అరవై మంది పోయారు. అప్పటికి అది ప్రభుత్వ సంస్థే.

నాన్నగారి ప్రశ్న

ఈ పైపు సంగతి ఫోన్‌లో చెబుతుంటే నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "మీ తాతగారు చిన్న సుత్తి పట్టుకుని పైపు మీద కొట్టి వినేవారమ్మా. పలచబడితే శబ్దం మారుతుందనేవారు. ఇంట్లో కుళాయి గొట్టాల మీద కూడా కొట్టి చూసేవారు. మనవరాలిని ఒక్కటి అడగమను. పైపు పలచబడిందని ఫిట్టర్ చెబితే అక్కడ ఏం చేస్తారట?"

మా అమ్మాయి ఆ ప్రశ్నే కంపెనీ వాళ్ళతో మాట్లాడినప్పుడు అడిగింది. ప్రమాదం అనిపిస్తే ఎవరైనా సరే పని ఆపించవచ్చని, ఇంటర్న్‌కైనా ఆ హక్కు ఉంటుందని చెప్పారట. ఆ మాట తాతయ్యకి చెప్పింది.

"మంచిదేనమ్మా" అన్నారాయన. "అలా ఆపినవాడికి తర్వాత ఏమైందో కూడా కనుక్కో."

అది వెళ్ళింది. వద్దని నేననలేదు. తాతగారి జీతంతో చదువుకున్న ఇంట్లో పుట్టి, రోజూ కారులో పెట్రోలు పోయించుకుంటూ, రిటైర్‌మెంట్ ఫండ్‌లో ఏయే కంపెనీల వాటాలున్నాయో ఎన్నడూ చూడని నేను ఏ ముఖం పెట్టుకుని వద్దంటాను? ఈ మధ్యే ఆ ఫండ్ కాగితాలు తీసి చూశాను. షెవ్రాన్ ఉంది.

వేసవి గడిచింది. అది అక్కడ ఉండగానే జులైలో హెస్ అనే మరో పెద్ద కంపెనీ కొనుగోలు పూర్తయింది. మరోవైపు 2026 చివరికల్లా ఉద్యోగుల్లో 15 నుంచి 20 శాతం మందిని తగ్గిస్తామని ఫిబ్రవరిలోనే ప్రకటించారు. బెంగళూరులో వంద కోట్ల డాలర్లతో ఇంజనీరింగ్ కేంద్రం పెడుతున్నారు. మా తోడికోడలి కొడుకు అక్కడ దరఖాస్తు పెట్టాడు. ఇక్కడ ఎవరి కుర్చీ ఖాళీ అయితే అక్కడ ఎవరికి కుర్చీ పడుతుందో చెప్పలేం.

ఆగస్టులో ఇంటికి వచ్చిన మా అమ్మాయి పెట్టె సర్దుకుంటూ చెప్పింది: "తాతయ్య అడగమన్నది నలుగుర్ని అడిగానమ్మా. ముగ్గురు మంచి కథలే చెప్పారు. ఒకాయన మాత్రం తలుపు వేసి చెప్పాడు."

ఏం చెప్పాడని అడిగాను. తాతయ్యకే ముందు చెబుతానని ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. విశాఖలో అప్పుడు తెల్లవారుజాము. అయినా ఆయన మొదటి రింగుకే ఎత్తారు.