ఆట ఎవరు ఆడిస్తున్నారు?

పిల్లల చేతుల్లోని తుపాకీ ఆటల గురించి ఈ మధ్య ప్రార్థన కూటాల్లో అడుగుతున్నంతగా మరే సంగతీ అడగడం లేదు. 'అయ్యగారూ, మావాడు పొద్దస్తమానం ఫోనులో మనుషుల్ని కాలుస్తున్నాడు. కాల్చు, చంపు అంటూ కేకలు. రేపు పెద్దయ్యాక వీడేమవుతాడండీ?' అని మైలవరం మామిడితోటల్లో కాయకోతకు వెళ్ళే ఒక తల్లి మమ్మల్ని అడిగింది. ఆమె భయం నిజమైనది. 'ప్రార్థన చేసుకో అమ్మా' అని ఒక్క మాటతో పంపేయడం సేవకులకు తగదు. అలాగని అవన్నీ సాతాను ఉచ్చులని ప్రసంగ వేదిక మీద గద్దించడం కూడా చాలదు. అబద్ధ సాక్ష్యం కూడదన్న ఆజ్ఞ పొరుగువాడికే కాదు, పిల్లాడి ఆటకూ వర్తిస్తుంది. ముందు అసలు సంగతి తెలుసుకోవాలి.

పబ్‌జీ అనే ఆట ఫోనుల్లోకి 2018లో వచ్చింది. నూరుమంది విమానంలోంచి పారాచూట్లతో ఒక దీవి మీద దిగుతారు, దొరికిన ఆయుధం అందుకుంటారు, ఒక్కరో ఒక్క జట్టో మిగిలేదాకా కాల్చుకుంటారు. 2000లో వచ్చిన 'బ్యాటిల్ రాయల్' అనే జపాను సినిమా దీనికి ప్రేరణ. ఒక తరగతి పిల్లల్ని దీవి మీద వదిలి ఒకరినొకరు చంపుకోమన్న కథ అది. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించినప్పుడు పబ్‌జీ కూడా అందులో ఉంది. చాలామంది తల్లిదండ్రులు పీడ విరగడైందనుకున్నారు. అయితే ఆ నిషేధం పిల్లల మనసుల కోసం చేసింది కాదు. దేశభద్రత కోసం, మన సమాచారం పరాయిచేతుల్లో పడకుండా చేసింది. 2021 జూలైలో అదే ఆట బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అన్న పేరుతో తిరిగొచ్చింది. 2022 జూలైలో మళ్ళీ తీసేశారు, 2023 మేలో మళ్ళీ వచ్చింది. పద్దెనిమిదేళ్ళలోపు వారు రోజుకు మూడు గంటలే ఆడాలి, తల్లిదండ్రుల అనుమతి ఉండాలి అన్నారు. చిమ్మే రక్తాన్ని ఎరుపు బదులు ఆకుపచ్చగా మార్చారు. అమ్మ ఫోనులోనే ఆడుకునే పిల్లాడికి అమ్మ అనుమతి సంపాదించడం ఎంతసేపు? ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో నిషేధిస్తే, దాని తోబుట్టువు ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌ను పిల్లలు హాయిగా ఆడుకున్నారు.

ఇవి మన ఊళ్ళలో ఇంతగా పాతుకుపోవడానికి కారణం మనం ఎరిగినదే. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. పాఠాలు ఫోనులోకి వచ్చాయి. అప్పోసప్పో చేసి ఇంటికో స్మార్ట్‌ఫోను కొన్నాం. బడులు తెరిచాక పుస్తకాలు సంచిలోకి వెళ్ళాయి గాని ఫోను పిల్లాడి చేతిలోనే ఉండిపోయింది.

ఇక ప్రమాదం మాట. 2019 ఏప్రిల్‌లో హైదరాబాద్ మల్కాజిగిరిలో పదో తరగతి అబ్బాయి ఒకడు, పరీక్షల వేళ ఆట మానమని ఇంట్లో మందలించిన తర్వాత ప్రాణం తీసుకున్నాడు. 2020 ఆగస్టులో మన పక్కనే ద్వారకా తిరుమల మండలంలో పదహారేళ్ళ కుర్రాడు తిండీ నీళ్ళూ పట్టించుకోకుండా రోజుల తరబడి ఆడి, నీరసించి చనిపోయాడని పత్రికల్లో వచ్చింది. ఒక్క మందలింపుతో ఏ బిడ్డా చనిపోడు, లోపల ఇంకెన్ని బరువులుంటాయో పైవాళ్ళకు తెలియదు. కాబట్టి ఆ తల్లుల్ని నిందించే హక్కు ఎవరికీ లేదు. మేము ఇక్కడ గమనించమంటున్నది ఒక్కటే. ఈ రెండు చోట్లా ఆ పిల్లలు ఎవరినీ కొట్టలేదు, ఎవరినీ చంపలేదు. పోయింది వాళ్ళే. మనం మాత్రం 'వీడు రేపు ఎవరినైనా చంపుతాడేమో' అని భయపడుతున్నాం. భయం తప్పు దిక్కున చూస్తున్నదేమో.

ఈ ప్రశ్న మనకు కొత్త గాని ప్రపంచానికి కాదు. 1976లోనే 'డెత్ రేస్' అనే ఆట మీద అమెరికాలో గొడవ జరిగింది. 1999లో అక్కడి కొలంబైన్ బడిలో ఇద్దరు విద్యార్థులు తోటివారిని కాల్చి చంపినప్పుడు, వాళ్ళు 'డూమ్' అనే ఆట ఆడేవారని తెలిసి లోకమంతా ఆటల మీద వేలు చూపింది. పిల్లలకు హింసాత్మక ఆటలు అమ్మకూడదని కాలిఫోర్నియా రాష్ట్రం 2005లో చట్టం చేస్తే, 2011లో అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురు ఒక వైపు, ఇద్దరు ఒక వైపుగా తీర్పిచ్చి దాన్ని కొట్టేసింది. ఆటలే పిల్లల్ని హింసకు పురికొల్పుతాయని రుజువు కాలేదన్నది కోర్టు చూపిన కారణాల్లో ఒకటి.

మరి పండితుల మాట? వాళ్ళలోనూ ఒక్క మాట లేదు. 17 వేలమందికి పైగా పిల్లల మీద జరిగిన 24 అధ్యయనాలను కలిపి 2018లో లెక్క తీసినవారు, ఇలాంటి ఆటలు ఆడేవారిలో కొట్లాట స్వభావం కొంచెం పెరుగుతుందని తేల్చారు. కొంచెమే. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్‌లో 14, 15 ఏళ్ళ పిల్లలు వెయ్యిమందిని, వాళ్ళ తల్లిదండ్రుల్నీ విచారించి, అలాంటి సంబంధమే కనబడలేదన్నారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2020లో చెప్పింది ఈ రెంటికీ నడుమ ఉంటుంది. అరవడం, తోయడం వంటి దూకుడుకు ఈ ఆటలకు చిన్న సంబంధం ఉంది గాని, హత్యల వంటి హింసకు వీటిని కారణంగా చూపడానికి ఆధారం చాలదని ఆ సంఘం అన్నది. దూకుడు వేరు, హింస వేరు. తమ్ముణ్ణి నెట్టేసినవాడు హంతకుడు కాడు.

దీనికన్నా గట్టిగా తేలిన సంగతి మరొకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో 'ఆటల వ్యసనాన్ని' చేర్చింది. 2019 మేలో ఆమోదించారు, 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆపుదామన్నా ఆపుకోలేకపోవడం, చదువు, తిండి, నిద్ర, స్నేహం అన్నిటికన్నా ఆటే ముందు రావడం, నష్టం కళ్ళ ముందు కనబడుతున్నా మానలేకపోవడం దాని గుర్తులు. సాధారణంగా ఏడాదిపాటు ఇవి కొనసాగితేనే జబ్బుగా లెక్కిస్తారు. సెలవుల్లో నాలుగు రోజులు ఆడినంత మాత్రాన జబ్బు అనరు. ఆ గుర్తుల్లో తుపాకీ అన్న మాటే లేదు. పళ్ళు కోసే ఆటైనా, కార్ల ఆటైనా అంతే.

కాబట్టి ఆ తల్లికి మేము చెప్పింది ఇది. 'అమ్మా, ఈ ఆట ఆడినందుకు నీ కొడుకు హంతకుడు కాడు. ఆ భయం తీసేయి. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడు? బడి మానేస్తున్నాడా? బయట స్నేహితులున్నారా? ఫోను లాక్కుంటే ఎంతసేపటికి మామూలవుతున్నాడు? అవి చూడు.' ఇంకొకటి కూడా చెప్పాం. ఈ ఆటలో నలుగురు ఒక జట్టు. మధ్యలో ఆపి మళ్ళీ అందుకోవడం కుదరదు. ఒకడు వదిలేస్తే మిగిలిన ముగ్గురూ నష్టపోతారు, మర్నాడు బడిలో వాడి మొహం మీదే తిడతారు. 'అన్నానికి రా' అని పిలవగానే పిల్లాడు విరుచుకుపడేది చాలావరకు ఇందుకే. అది రక్తదాహం కాదు. 'ఈ ఆట ఎంతసేపట్లో అవుతుందిరా?' అని అడిగి, అయ్యాక ఫోను తీసుకుంటే సగం పోట్లాటలు తగ్గుతాయి. ఇది తెలియాలంటే పెద్దలు ఒక్కసారైనా పిల్లాడి పక్కన కూర్చుని చూడాలి. మేమూ కూర్చున్నాం. ఒక ఏడో తరగతి బాబు దీవి పటమంతా మాకు ఓపికగా వివరించాడు. ఆదివారపు బడిలో పౌలు ప్రయాణాల పటం మీద వాడికి అంత శ్రద్ధ ఉన్నట్టు గుర్తులేదు!

అయితే ఆటలో తప్పేమీ లేదని మేము అనడం లేదు. అగస్టీను తన 'ఒప్పుకోలు' గ్రంథం ఆరవ భాగంలో అలిపియస్ అనే మిత్రుడి సంగతి రాశాడు. రోమునగరంలో న్యాయశాస్త్రం చదువుతున్న ఈ యువకుడికి మనుషులు కత్తులతో పోరాడి చచ్చే క్రీడలంటే అసహ్యం. స్నేహితులు బలవంతాన లాక్కెళితే కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. జనం ఒక్కపెట్టున కేక వేసేసరికి కళ్ళు తెరిచాడు. ఇక తిప్పుకోలేకపోయాడు. తర్వాత తానే ముందు నడిచి ఇతరులను తీసుకెళ్ళసాగాడు. అలిపియస్ ఎవరినీ చంపలేదు, తర్వాత బిషప్ కూడా అయ్యాడు. కాని ఆనాడు అతనిలో ఒకటి మారింది. మనిషి చావు చూసి ఆనందించడం అతనికి అలవాటైంది. ఏ శాస్త్రవేత్త కొలబద్దకూ సులభంగా అందని నష్టం అది.

ఇక్కడే మాకు మరో మాట అనాలనిపిస్తుంది. రోములో చచ్చింది నిజమైన మనుషులు. ఫోనులో చచ్చేది బొమ్మ. అలిపియస్ చూసినదానికి దగ్గరిది మన ప్రాంతంలో ఫోను కాదు, సంక్రాంతి బరి. కోడి కాలికి కత్తి కట్టి, అది రక్తమోడుతూ పడిపోతుంటే పెద్దలు డబ్బులు విసురుతారు, కేకలు వేస్తారు. జంతు హింస నిరోధక చట్టం 1960 నుంచి ఉంది. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు కూడా పందేలు ఆపమని గట్టిగా ఆదేశించింది. అయినా కృష్ణా, గోదావరి జిల్లాల్లో బరులు వెలుస్తూనే వచ్చాయి. ఆ గుంపులో తండ్రుల భుజాల మీద పిల్లలుంటారు. వాళ్ళలో మన సంఘాల తండ్రులూ ఉంటారు. ఇంకా పండగకు విడుదలైన సినిమాలో హీరో కత్తితో నలభైమందిని నరుకుతుంటే ఐదేళ్ళ పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూసేది ఎవరు? అవన్నీ వదిలేసి, ఇంట్లో మూలన కూర్చున్న పిల్లాడి ఆట ఒక్కటే పాపమంటే వాడు నమ్మడు. నమ్మకపోవడం న్యాయమే.

సమూయేలు రెండవ గ్రంథంలో ఒక సంఘటన ఉంది (2 సమూయేలు 2:12-17). ఎక్కువగా ప్రసంగించని భాగమిది. గిబియోను కొలను దగ్గర అబ్నేరు మనుషులు ఒక గట్టున, యోవాబు మనుషులు ఎదుటి గట్టున కూర్చున్నారు. పడుచువాళ్ళు లేచి మన ముందు ఆడాలని అబ్నేరు ప్రతిపాదించాడు, యోవాబు సరేనన్నాడు. అటు పన్నెండుమంది, ఇటు పన్నెండుమంది లేచారు. ఒకరి తల ఒకరు పట్టుకుని ప్రక్కల్లో కత్తులు పొడుచుకుని అందరూ కలిసి కూలిపోయారు. అక్కడితో ఆగలేదు. ఆనాటి యుద్ధంలో అబ్నేరు పక్షాన 360 మంది, దావీదు పక్షాన అశాహేలు గాక 19 మంది చనిపోయారు. అక్కడ వాడిన హెబ్రీ క్రియ మామూలుగా నవ్వడం, ఆడుకోవడం అన్న అర్థాలిచ్చేదే. అదే క్రియను జెకర్యా ప్రవక్త యెరూషలేము వీధుల్లో మగపిల్లలూ ఆడపిల్లలూ నిండి ఆడుకునే రోజు గురించి చెప్పేటప్పుడు వాడాడు (జెకర్యా 8:5). మాట ఒక్కటే. ఒకచోట ఇరవైనాలుగు శవాలు, ఒకచోట వీధి నిండా పిల్లలు. తేడా ఎక్కడుంది? గిబియోనులో ఆడమన్నది పెద్దలు, గట్టు మీద కూర్చుని చూసిందీ పెద్దలే. జెకర్యా చూసిన వీధిలోనూ పెద్దలున్నారు. ముందు వచనంలో చేతికర్రలు పట్టుకున్న ముసలివాళ్ళూ ముసలమ్మలూ అదే వీధిలో కూర్చుని ఉన్నారు. వాళ్ళు పిల్లల్ని ఉసిగొల్పడం లేదు. అక్కడ ఉన్నారు, అంతే.

ఇప్పుడు మన పిల్లల్ని ఆడిస్తున్న అబ్నేరు ఎవరు? ఆట ఉచితం. దుస్తులు, తుపాకీ రంగులు, అదృష్టం ఉంటే దొరికే పెట్టెలు మాత్రం డబ్బుకు. ఫ్రీ ఫైర్‌లో డైమండ్లు, ఆ రెండో దానిలో యూసీ అంటారు. 'మా ఖాతాలో డబ్బులు పోయాయండీ' అని వచ్చే ఇళ్ళలో చాలాసార్లు దొంగ ఇంట్లోనే ఉంటాడు, వాడికి పన్నెండేళ్ళు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ ఆటల చట్టం పందెం ఆటల్ని నిషేధించింది గాని, ఇవి పందెం కావు గనుక వీటి జోలికి పోలేదు. చైనా 2021 సెప్టెంబరులో పిల్లలకు వారానికి మూడు గంటలని గిరి గీసింది. దక్షిణ కొరియా పదహారేళ్ళలోపు పిల్లలు అర్ధరాత్రి ఆడకూడదని 2011లో చట్టం పెట్టి, పదేళ్ళు చూసి, ఎత్తేసింది. చట్టం పిల్లాడి మంచం దాకా రాదు.

మంచం దాకా రాగలిగింది మనమే. మనకేమో తీరిక లేదు. ఏప్రిల్, మే నెలల్లో మైలవరం, రెడ్డిగూడెం, నూజివీడు తోటల్లో కాయ దిగే రోజుల్లో తల్లీ తండ్రీ చీకటితో వెళ్ళి చీకటిపడ్డాక వస్తారు. బడికి సెలవులు. ఇంట్లో నాయనమ్మ, పిల్లాడు, ఫోను. కొందరి తల్లులు గల్ఫ్‌లో ఉన్నారు, ఫోను పంపిందీ వాళ్ళే, బిడ్డ గొంతు వినాలని. ఆ ఫోనును పగలగొట్టమని ఎలా చెబుతాం? మేము మాత్రం రాత్రి తొమ్మిదింటికి ఫోను నాయనమ్మ పక్కలోకి వెళ్ళాలని, డబ్బు ఖాతా ఉన్న ఫోను ఆటకు ఇవ్వకూడదని, ఆడేచోటు నలుగురు తిరిగే వసారాలో ఉండాలని చెబుతున్నాం. పిల్లాడు అన్నం మానేసినా, నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడకపోయినా, చచ్చిపోతానన్నా 'బెదిరిస్తున్నాడులే' అనుకోవద్దు. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరుకు ఫోను చేయడం విశ్వాస లోపమేమీ కాదు.

కిందటి వేసవిలో సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా మందిర ఆవరణ గేటు తీసి ఉంచాం. ప్రసంగం లేదు, వాక్య కంఠస్థం లేదు. కబడ్డీ, గోళీలు, ఒక పాత క్యారమ్ బోర్డు. మతం అడగలేదు, ఎవరి పిల్లలైనా వచ్చారు. పనికి వెళ్ళలేని ముసలివాళ్ళు ఇద్దరు ముగ్గురిని కుర్చీలు వేసుకుని కూర్చోమన్నాం. మొదటి వారం ఎనిమిదిమంది వచ్చారు, మే నెలాఖరుకు గోళీల దగ్గర చోటు చాల్లేదు. ఫోను తెచ్చుకుని గోడ నీడన కూర్చునేవాళ్ళు నలుగురు చివరిదాకా అలాగే ఉన్నారు. జట్టులో ఒకడు తగ్గితే కబడ్డీవాళ్ళు వాళ్ళను పిలిచేవారు. 'ఈ ఆట అయ్యాక వస్తాం' అనేవారు వాళ్ళు. కొన్నిసార్లు వచ్చేవారు కూడా.