గణపతిదేవుని కాలపు గుడి, కోట – మేము చూసినవి

మన హాస్టల్ తొమ్మిదో తరగతి వాళ్ళము రామప్ప గుడి, ఓరుగల్లు కోట చూసి వచ్చినాము. రాని వాళ్ళ కోసం, ముఖ్యంగా ఎనిమిదో తరగతి చెల్లెళ్ళ కోసం రాస్తున్నాను.

రెండూ కాకతీయ గణపతిదేవుని కాలంవి. ఆయన 1199 నుండి 1262 వరకు, అంటే 63 ఏళ్ళు ఏలినాడు. మా ఊర్లో అంత వయసు ముసలోళ్ళే తక్కువ!

పాలంపేటలోని రామప్ప గుడిని ఆయన సేనాపతి రేచర్ల రుద్రుడు 1213లో కట్టించినాడు. కానీ గుడిని పిలిచేది శిల్పి రామప్ప పేరుతో. ఇది నాకు చాలా నచ్చింది. 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది.

గుడి కింద పునాదిలో ఇసుక ఉన్నదని గైడు గారు చెప్పినారు. ఇసుక మీద గుడి ఎట్ల నిలుస్తుంది అని మేమంతా నవ్వినాము. మన ఇండ్లలో నీళ్ళ కుండను తడి ఇసుక మీద పెడతాము కదా, కుండ అడుగు గుండ్రంగా ఉన్నా పక్కకు ఒరగదు. అట్లనే భూమి కదిలితే ఆ అదురును ఇసుక పట్టుకుంటుంది. లోపల నేల అలల మాదిరి ఎగుడుదిగుడు అయింది, అయినా గుడి పడలేదు. పైన గోపురం ఇటుకలు నీళ్ళలో తేలేంత తేలిక. మట్టిలో కాలిపోయే పొట్టులాంటివి కలిపి కాలిస్తే లోపల సన్న బొక్కలు మిగులుతాయని మా సారు వివరించినారు. గోపురం బరువు తగ్గితే స్తంభాల మీద మోత తగ్గుతుంది. చుట్టూ గోడకు ఏనుగుల వరుస ఉంది. నల్లరాతి బొమ్మల్లో ఒకామె ఎత్తుమడమల చెప్పులు వేసుకున్నది! పక్కనే రామప్ప చెరువు. అది కూడా ఆ కాలందే, ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తుంది.

మధ్యాహ్నం పులిహోర తిని కోటకు పోయినాము. రాతిగోడను గణపతిదేవుడు మొదలుపెడితే కూతురు రుద్రమదేవి పూర్తి చేసింది. ద్వారం తిన్నగా ఉండదు, మెలిక తిరుగుతుంది. శత్రువులు ఒక్కసారి దూసుకురాకుండా అట్ల కట్టినారు. నాలుగు తోరణాలు నిలబడే ఉన్నాయి, వాటి మధ్య ఉండిన గుడి మాత్రం కూలిపోయి రాళ్ళు పరచి ఉన్నాయి. శాసనాల్లో రుద్రమను రుద్రదేవ మహారాజు అని మగపేరుతో రాసినారట. ఆడమనిషి ఏలితే పేరు ఎందుకు మార్చాలో నాకు అర్థం కాలేదు.

అక్కడ గైడు గారు రుద్రమ మనుమడు ప్రతాపరుద్రుని గొప్పతనం చెప్తుంటే నేను లేచి అడిగినాను. "కరువులో కప్పం కట్టలేదని ఆ రాజే మా సమ్మక్క మీదికి సైన్యం పంపిండని మా అవ్వ చెప్తది. జంపన్న వాగులో పడ్డది, సమ్మక్క చిలుకలగుట్ట ఎక్కి కనబడకుండ పోయింది ఆ యుద్ధంలోనే కదా సార్?" నా కాళ్ళు వణికినాయి. ఆయన కోప్పడలేదు. "రాజుల మాట రాళ్ళ మీద ఉన్నది, మీ మాట మీ పెద్దల నోట ఉన్నది. ఇది కూడా చెప్పు" అని పక్కకు జరిగి నన్ను ముందు నిలబెట్టినారు. నాకు తెలిసినంత చెప్పినాను. వేరే బడి పిల్లలు కూడా ఆగి విన్నారు.

కథ అంతా నాకు రాదు. మేడారం వైపు అక్కచెల్లెళ్ళారా, మీ తాతలు పాడేది సెలవుల్లో విని వచ్చి నాకు చెప్పండి. నోట్‌బుక్ కుట్టి పెట్టుకున్నాను. వచ్చే నెల ఇక్కడే అతికిస్తాను.